డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో ఎవరిది?

మేం ఏడుగురం ఆడవాళ్లం తలా కాస్త డబ్బు వేసుకుని హైదరాబాదు చూడబోయాం, అక్కడ ఒక ఫొటోగ్రాఫర్ని కుదుర్చుకుని ఫొటోలు తీయించుకున్నాం అని చెబితే మా వాళ్లలోనే కొందరు నవ్వారు. ఒక మిత్రురాలు నవ్వలేదు గానీ నొచ్చుకుంది. "ఇన్నేళ్లు ఉద్యమాల్లో పనిచేసి చివరికి పెళ్లివారి సరదాల్లోకి దిగారా" అంది. సరదాయే. కాదని బుకాయించను. కానీ ఆ సరదా వెనకాల మూడు నెలల రభస నడిచింది. అందులో చట్టం ఉంది, డబ్బు ఉంది, ఒక విధవరాలి తల్లో పూలున్నాయి, మా సంస్థ ఏళ్ల తరబడి చేస్తూ వచ్చిన తప్పు కూడా ఉంది. అందుకే ఈ పత్రికకు రాస్తున్నాను.

మా ఏడుగురిలో అయిదుగురిది నెల్లూరు జిల్లా పల్లెలు. 1992లో సారా కొట్ల ముందు బైఠాయించినవాళ్లు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమని ప్రభుత్వం ప్రకటిస్తే ఊళ్లో పండగ చేసినవాళ్లు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం రావడమూ చూశారు, 1997లో దాన్ని ఎత్తేయడమూ చూశారు. ఇప్పుడందరికీ అరవై దాటుతున్నాయి. మోకాళ్లు పట్టేస్తున్నాయి. కాళ్లు ఆడుతుండగానే ఒకసారి ఎక్కడికైనా పోదాం, మీటింగుకి కాదు, ధర్నాకి కాదు, ఊరికే పోదాం అనుకున్నాం. వీళ్లలో ముగ్గురు హైదరాబాదు ఎన్నోసార్లు వచ్చారు. లారీల్లో వచ్చారు, ఇందిరాపార్కు దగ్గర కూర్చున్నారు, అదే లారీలో తిరిగి వెళ్లారు. చార్మినార్ చూసింది ఒక్కరూ లేరు.

ఫొటోగ్రాఫర్ ఆలోచన నాది కాదు, మాలో పెద్దదైన అక్కది. అందరం ఆమెను అక్క అనే పిలుస్తాం. సింహపురి ఎక్స్‌ప్రెస్ టిక్కెట్లు తీసుకున్న రోజున ఆమె అంది: "ఫోనుల్లో వద్దమ్మా. ఫోనుతో తీస్తే తీసినోళ్లు ఫొటోలో ఉండరు. ఏడుగురం ఉండాల." ఆ మాట తర్వాత ఎవరి ఫొటో ఎప్పుడు ఎందుకు తీశారో చెప్పుకుంటూ కూర్చున్నాం. ఇది చదువుతున్నవారు కూడా ఒకసారి లెక్క వేసుకు చూడండి. మొదటిది పెళ్లిచూపులకు పంపడానికి తీసిన ఫొటో. రెండోది పెళ్లి ఫొటో, తల వంచుకుని. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏమీ లేవు. 1993లో ఎన్నికల సంఘం ఓటరు గుర్తింపు కార్డులు మొదలుపెట్టాక స్కూలు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి పలక ఇచ్చి తీసింది ఒకటి. తర్వాత పొదుపు సంఘం పాసుబుక్కుకి, రేషన్ కార్డుకి, ఆధార్‌కి. అన్నీ ఎవరికో చూపించడానికి తీసినవే. మగపెళ్లివారికి, బ్యాంకుకి, ప్రభుత్వానికి. తన కోసం తాను తీయించుకున్న ఫొటో ఉన్న మనిషి మా ఏడుగురిలో ఒక్కరూ లేరు, నాతో సహా.

అక్కకి ఇంకొక ఫొటో కూడా ఉంది. ఉంది అనకూడదేమో. సారా ఉద్యమంలో ఎవరో పత్రికాయన వచ్చి తీసుకెళ్లాడు. పేపర్లో పడిందని ఊళ్లో చెప్పుకున్నారు. ఆమె ఆ పేపరు చూడలేదు, కాపీ ఎవరూ ఇవ్వలేదు. "చెయ్యి ఎత్తి ఉండాన్నంట" అంటుంది.

ఫొటో తీసేవాళ్లు, తీయించుకునేవాళ్లు, చూసేవాళ్లు అనే ఈ లెక్క హైదరాబాదుకు కొత్తది కాదు. ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. ఎత్తయిన గోడలు కట్టించి, దాన్ని నడపడానికి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళను నియమించాడు. పరదాలో ఉండే సంపన్న కుటుంబాల స్త్రీలు మగవాడి కంటపడకుండా వచ్చి ఫొటో దిగి వెళ్లేవారు. పరదాని కాపాడ్డానికే పెట్టారు, నిజమే. అయినా ఒక ప్రశ్న ఆ రోజునే ఎవరో గుర్తించారు: నన్ను తీసేది ఎవరు, తీసింది ఎవరు చూస్తారు అని. నూట ముప్ఫై ఏళ్లు దాటాక మేం ఆ ప్రశ్న అడగడం మర్చిపోయాం.

మర్చిపోయామని ఎందుకంటున్నానంటే, ఫొటోగ్రాఫర్ని కుదుర్చుకునేటప్పుడు మేం అడిగినవన్నీ డబ్బు గురించే. ఎంతసేపు తీస్తారు, ఎన్ని ఫొటోలు ఇస్తారు, ఎప్పటికిస్తారు. ముందు ఒక మహిళా ఫొటోగ్రాఫర్ కోసం ప్రయత్నించాం. ఇద్దరితో మాట్లాడాం. ఒకామె ఆ వారమంతా పెళ్లిళ్లలో ఉంది, ఇంకొకామె అడిగింది మాకు అందలేదు. ఎక్కువ అడిగిందని ఆమెను తప్పుపట్టను. ఆ రంగంలో ఆడమనిషి నిలబడటం తేలిక కాదు. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరు పొంది, 2011లో పద్మవిభూషణ్ అందుకున్న హోమాయ్ వ్యరావాలా తొలినాళ్లలో తీసిన ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. చివరికి ఒక స్టూడియో కుర్రవాడిని మాట్లాడుకున్నాం. మూడు గంటలకు 7,000 రూపాయలు. తలకు వెయ్యి. సరిదిద్దిన ఫొటోలు అరవై ఇస్తానన్నాడు. రెండు వేలు ముందే ఫోనులో పంపించాం. రేటు, టైము రాసిన ఒక వాట్సాప్ మెసేజి, తర్వాత ఒక రసీదు, ఇవి తప్ప కాగితం ఏమీ లేదు.

మనిషి మంచివాడే. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిందానికి దుర్మార్గుడొకడు కావాలని మనకు అనిపిస్తుంది. 2025 జనవరి చివర్లో ఒక ఉదయం ఆరున్నరకే చార్మినార్ దగ్గరకు రమ్మన్నాడు. ఆ వేళకు జనం ఉండరు, ఎండ మెత్తగా పడుతుంది, పదింటికి వస్తే కళ్లు చికిలించుకుని కూర్చుంటారు అని వివరంగా చెప్పాడు. చార్మినార్, గోల్కొండ పురావస్తు శాఖ కట్టడాలు కాబట్టి చేతి కెమెరాతో తీసుకోవచ్చు గానీ మూడుకాళ్ల స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలట. అందుకని ఆ మూడు గంటలూ అంత బరువు కెమెరా చేతుల్లోనే మోశాడు. అది కూడా కష్టమే. ఏడు వేలల్లో పెట్రోలు, కెమెరా వాయిదా, ఇంటికెళ్లి రాత్రంతా కంప్యూటరు ముందు కూర్చోవడం అన్నీ ఉన్నాయి. బేరమాడి అయిదుకి దింపుదామని మాలో ఒకామె అంటే, ఉపాధి హామీ కూలి రేట్ల గురించి ఉపన్యాసాలిచ్చే మనమేనా ఇలా మాట్లాడేది అని నోరు మూయించాం.

మొదటి అరగంట మాత్రం తగువులాటే. అతనికి ఆడవాళ్లని నిలబెట్టడం ఒక్క తీరే వచ్చు. తల కొంచెం వంచండి ఆంటీ, ఒక చెయ్యి గడ్డం కింద పెట్టుకోండి, సిగ్గుపడుతున్నట్టు పక్కకి చూడండి. అక్క కాసేపు ఓపిక పట్టి, "నాయనా, సారా కొట్టు ముందర నిలబడ్డప్పుడు కూడా మమ్మల్ని ఎవుడూ తల వంచమన్లా" అంది. కుర్రవాడికి ఆ సారా కథేమిటో తెలియదు. చెప్పాం. విన్నాడు. ఆ తర్వాత పోజులు చెప్పడం మానేసి, మేం టీ తాగుతుంటే, గాజుల బేరం చేస్తుంటే, కాళ్లు నొప్పి పుట్టి మెట్ల మీద కూలబడితే తీశాడు. ట్యాంక్‌బండ్ మీద మొల్ల విగ్రహం దగ్గర ఏడుగురం నిలబడ్డ ఫొటో ఉంది. అన్నింటిలోకీ నాకదే ఇష్టం. అక్కడున్న అంతమంది మగ మహానుభావుల వరసలో ఒక కుమ్మరింటి కవయిత్రి. ఆమె పక్కన మేము. ఎవరం కెమెరా వైపు చూడటం లేదు.

పూల సంగతి చార్మినార్ దగ్గర జరిగింది. పక్క సందులో మల్లెపూలు అమ్ముతుంటే రెండు మూరలు కొన్నాం. అందరం పంచుకుంటుంటే అక్క చెయ్యి చాపింది. 2006లో భర్త పోయినప్పట్నుంచీ ఆమె పూలు పెట్టుకోలేదు. మేమెవ్వరం మాట్లాడలేదు. ఒకామె తల్లో తురిమింది. అక్క నవ్వింది, ఆ కుర్రవాడు తీశాడు. తీశాక పూలు తీసేసి కొంగున ముడేసుకుని, "ఇది మన మధ్యనే ఉండాల" అంది. ఆ మాట మాతో అంది గానీ అతనితో అనలేదు. అతను అక్కడే ఉన్నాడు, విన్నాడో లేదో తెలియదు.

ఇరవై రోజులకు ఫొటోలు వచ్చాయి. మొదటి దెబ్బ అక్కడే తగిలింది. అందరం తెల్లగా ఉన్నాం. నిజంగానే రెండు మూడు ఛాయలు తెల్లబడి ఉన్నాం. చిన్నప్పుడు మశూచి సోకి బతికి బయటపడ్డ ఒకామె ముఖం మీద మచ్చలు మాయమయ్యాయి. ఇంకొకామె మోచేతి మీద వాళ్లమ్మ పొడిపించిన పచ్చబొట్టు చెరిగిపోయింది. మచ్చల ఆమె ఫొటో చేతిలో పట్టుకుని "ఇదెవురు?" అని అడిగింది. హాస్యానికి కాదు, నిజంగానే గుర్తుపట్టలేదు. ఫోను చేస్తే కుర్రవాడు నొచ్చుకున్నాడు. "అందరికీ అట్లనే చేస్తాం ఆంటీ, చేయకపోతే తిడతారు" అన్నాడు. అబద్ధం కాదు. ఈ తెలుపు పిచ్చి అతను పుట్టించింది కాదు. 1950ల నుంచీ కోడక్ సంస్థ ఫొటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి పంపిన నమూనా కార్డుల మీద తెల్లజాతి యువతి బొమ్మే ఉండేది. షర్లీ కార్డు అనేవారు. ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా వచ్చినట్టు. నల్లవాళ్లు, గోధుమరంగు వాళ్లు ఆ కార్డుల మీదికి రావడానికి 1990ల దాకా పట్టింది. ఇప్పుడు ఫిల్ము పోయింది, కార్డు పోయింది, తెలుపు మాత్రం కంప్యూటరు మీటలో మిగిలింది. మా ఫొటోలు మా రంగులో మళ్లీ చేసి పంపమన్నాం. గొణుక్కుంటూనే చేశాడు. ఇంటి పెళ్లికైనా సరే ఫొటోగ్రాఫర్ని కుదుర్చుకునేవాళ్లు చర్మం రంగు ముట్టుకోవద్దని ముందే చెప్పండి. డబ్బిచ్చేది మనం.

రెండో దెబ్బ మార్చిలో. అక్క మేనల్లుడు బెంగుళూరులో ఉంటాడు. అతని ఫోనులోకి ఒక ప్రకటన వచ్చింది. స్టూడియో వాళ్ల పేజీలో పెద్దవాళ్ల విహారయాత్రలకు ప్రత్యేక ప్యాకేజీ అని, దాని మీద అక్క బొమ్మ, తల్లో మల్లెపూలతో. అతను ఇంట్లో చూపించాడు. సాయంత్రానికి ఊళ్లో సగం ఫోన్లలో ఉంది. కొడుకు నాలుగు రోజులు తల్లితో మాట్లాడలేదు. మరిది వచ్చి గుమ్మంలో నిలబడి అనాల్సినవన్నీ అన్నాడు. అరవై మూడేళ్ల మనిషి, ఒకప్పుడు ఊళ్లో సారా కొట్టు మూయించిన మనిషి, వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. కొట్టు మూయించినప్పుడు ఊరి ఆడవాళ్లంతా వెనకాల ఉన్నారు. పూలు పెట్టుకున్నందుకు వెనకాల ఎవరుంటారు?

నేను ఫొటోగ్రాఫర్‌కి ఫోను చేశాను. "పబ్లిక్ ప్లేసులో తీసిందే కదా మేడమ్. క్లిక్ చేసింది నేను కాబట్టి కాపీరైట్ నాదే. అందరూ పెట్టుకుంటారు" అన్నాడు. అంత ధీమాగా అనేసరికి నిజమేనేమో అనుకున్నాను. మీరూ అనుకుంటారు. నిజం కాదు.

1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవాడే దాని కర్త. అంతవరకు అతను చెప్పింది సరే. కానీ 17వ సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బిచ్చి, కోరి తీయించుకున్న ఫొటో మీద కాపీరైటుకు మొదటి యజమాని ఆ తీయించుకున్న మనిషే. దీనికి విరుద్ధంగా ఇద్దరి మధ్యా ఒప్పందం ఉంటే తప్ప. ఆ చివరి ముక్క ముఖ్యం. చాలా స్టూడియోలు రసీదు వెనక సన్న అక్షరాల్లో అచ్చు వేసే షరతులు ఇందుకే. మా రసీదు వెనక తెల్లకాగితం. అంటే ఆ అరవై ఫొటోలూ మేం ఏడుగురివి. అతనికి మిగిలేది కర్తగా తన పేరు చెప్పుకునే హక్కు. మనం ఎక్కడైనా అచ్చు వేస్తే తీసినవారి పేరు వేయాలి, అది న్యాయం కూడా. మన హక్కు అతనికి రాసివ్వదలచుకుంటే అది రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాట చెల్లదు. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకని అర్థం, ఎల్లకాలానికీ కాదు.

పబ్లిక్ ప్లేసు అనే రెండో వాదం ఇంతకంటే గట్టిది, చాలామంది మన లాయరు మిత్రులు కూడా దానికి తలూపుతారు. వీధిలో నిలబడ్డ మనిషిని ఫొటో తీయడం దానంతటది నేరం కాదు. అయితే తీయడం వేరు, దాన్ని వ్యాపార ప్రకటనకు వాడుకోవడం వేరు. 1994లో ఆర్. రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆటో శంకర్ కేసు అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు. ఒక మనిషి పేరునో రూపాన్నో వారి అనుమతి లేకుండా ప్రకటనలకు వాడటం ఏకాంత హక్కును ఉల్లంఘించడమేనని అందులో ఉదాహరణగానే చెప్పారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకాంతం ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఫొటో తీయడానికి ఒప్పుకోవడం, దాన్ని పదిమందికి పంచడానికి ఒప్పుకోవడం రెండూ ఒకటి కాదన్న సూత్రం క్రిమినల్ చట్టంలో కూడా ఉంది. స్త్రీల ఆంతరంగిక దృశ్యాల విషయంలో 2013లో ఐపీసీలో చేర్చారు, 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను. తల్లో పూలున్న ఫొటో ఆ సెక్షను కిందికి రాదు, మేం ఆ మాట అనలేదు. సూత్రం కొత్తది కాదని చెప్పడానికే ఎత్తాను.

ఏప్రిల్‌లో ఈ సెక్షన్లన్నీ పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపాం. అడిగినవి మూడు. పేజీలోంచి తీసేయాలి. దుకాణంలో అదే ఫొటోతో కట్టిన ఫ్లెక్సీ దించాలి. అసలు ఫైళ్లు మాకు ఇచ్చి, తన దగ్గర చెరిపేసినట్టు రాసివ్వాలి. లేఖ అందిన రెండో రోజున పేజీలోంచి పోయింది. మేం సంబరపడి అక్క ఇంటికి వెళ్లాం.

అక్క సంబరపడలేదు. "నన్ను అడిగి రాశారా?" అంది. నాకు నోట మాట రాలేదు. అడగలేదు. ఆమె బయటికి రావడం లేదు కదా, బాధలో ఉంది కదా, మనమే చూసుకుందాం అనుకున్నాం. ఆమె అంది: "వాడు అడక్కుండా ఏసినాడు. మీరు అడక్కుండా తీపించినారు. మా మరిది తీపించమని అడిగినాడు, మీరు తీపించినారు. నాకేం కావాలో ఎవురు అడిగినారు?" ఆమె కోరుకున్నది ఏమిటంటే, అతను ఫోను చేసి తప్పయిందని ఆమెతో చెప్పాలి, ఆ ఫొటో పెద్దది చేయించి పటం కట్టించి ఇవ్వాలి. పేజీలో ఉండాలో పోవాలో ఆ తర్వాత ఆలోచిస్తానంది. తీసేస్తే మరిది గెలిచినట్టు ఉంటుందని ఆమెకు అనుమానం. ఉంచితే కొడుకుతో తగువు. ఆ తేల్చుకోవడం ఆమెది. మేం లాక్కున్నాం.

ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఆఫీసుకెళ్లి బీరువా తెరిచాను.

మాది చిన్న సంస్థ. 1994 నుంచీ ఆల్బములున్నాయి. తలకు కుట్లు పడ్డ ఆడవాళ్లు, కాలిన చేతులు, కట్నం కేసుల్లో పోయిన పిల్లల తల్లులు ఏడుస్తుండగా తీసినవి, పొగాకు బేరన్ల దగ్గర, రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్లు. వార్షిక నివేదికల్లో వేశాం, విరాళాలిచ్చేవాళ్లకు పంపాం, ఒక ఏడాది క్యాలెండరు కూడా వేశాం. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టకూడదని మనకు తెలుసు. పాత ఐపీసీ 228ఎ, ఇప్పుడు 72వ సెక్షను, కంఠతా వచ్చు, శిక్షణా తరగతుల్లో చెబుతాం. అది దాటిన ప్రతిదీ మన ఇష్టం అనుకున్నాం. సమ్మతి పత్రం ఉంది కదా అంటారు. ఉంది. ఇంగ్లీషులో ఉంది. కింద వేలిముద్ర ఉంది. ఫొటో ఎక్కడ వేస్తారో, ఎన్నాళ్లు వేస్తారో, వద్దంటే ఎవరికి చెప్పాలో అందులో లేదు. కేసు నడిపిపెడతామని వచ్చిన సంస్థ కాగితం మీద వేలిముద్ర వేయమంటే ఏ ఆడమనిషి వేయనంటుంది?

ఇంకొకటి గమనించండి. స్టూడియో మీదికి మేం ఝళిపించిన 17వ సెక్షనే ఇక్కడ మాకు ఎదురు తిరుగుతుంది. ఆ ఫొటోలకు టౌను నుంచి ఫొటోగ్రాఫర్ని పిలిపించింది సంస్థ, డబ్బిచ్చింది సంస్థ. కాబట్టి చట్టం ప్రకారం యజమాని సంస్థ. ఫొటోలో ఉన్న ఆమె యజమానే కాదు. చట్టం అడిగేది ఎవరు తీయించారు, ఎవరు డబ్బిచ్చారు అని. ముఖం ఎవరిదని కాదు. పెళ్లి ఫొటోలకు మామగారు డబ్బిస్తే కాపీరైటు మామగారిది. చార్మినార్ దగ్గర తలా వెయ్యి వేసుకోవడం ఎంత మంచి పనో నాకప్పుడు తెలిసింది. ఆ వెయ్యి రూపాయలు లేని ఆడవాళ్లకు మిగిలేది సమ్మతి అడిగించుకునే హక్కు ఒక్కటే, దాన్ని మనం వేలిముద్రతో మాఫీ చేయించుకున్నాం. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, దేనికోసమో తెలిసి ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలని చెబుతోంది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. ఆ దశలు ముగిసేదాకా ఆగుదామా?

మా ప్రాజెక్టు చూసే సహచరి దీనికి ఒప్పుకోలేదు. ఫొటో లేని నివేదికను ఎవరూ చదవరు, నిధులు రావు, నిధులు రాకపోతే ఆ ఆడవాళ్ల కేసులే ఆగిపోతాయి అంది. కొట్టిపారేసే మాట కాదు. ముఖాలు మసకబార్చి వేద్దామని ఇంకొకరన్నారు. అది నాకు నచ్చలేదు. సిగ్గుపడాల్సింది ఆమె అన్నట్టుగా ఉంటుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఫొటో తీసేముందు ఎందుకో తెలుగులో చెప్పాలి. తీసిన ప్రతి ఫొటో ఒక ప్రింటు ఆమె చేతికి ఇవ్వాలి, దానికయ్యేది టీ ఖర్చంత. వేసేముందు మళ్లీ అడగాలి, ఎందుకంటే కేసు నడుస్తున్నప్పుడు సరేనన్న మనిషి కేసు అయిపోయి కొత్త జీవితంలో పడ్డాక వద్దనవచ్చు. దీనికి తీరిక లేదంటే ఫొటో వేయడం మానుకోవడమే.

ఆల్బములు పట్టుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టాం. ఇప్పటికి రెండే అయ్యాయి. ఒకామె తన ఫొటో చూసి పెద్దది చేసి పేరుతో సహా వేయమంది. ఒకామె చేతిలోంచి లాక్కుని చింపేసింది, మంచి పని చేసింది. ముగ్గురు ఊరే వదిలి వెళ్లారు. ఒకామె చనిపోయింది. ఆమె కూతురు ఆ ఫొటో తీసుకుని చాలాసేపు చూసింది. అది కొట్టిన దెబ్బలు కనిపించే ఫొటో. వాళ్లమ్మకి ఇది తప్ప వేరే ఫొటో లేదట. దెబ్బలు చెరిపేసి ఇస్తారా అని అడిగింది. మచ్చలు చెరిపినందుకు ఫొటోగ్రాఫర్‌తో అంత దెబ్బలాడిన నేను, సరే చేయించి ఇస్తానన్నాను. ఇచ్చాను కూడా.

ఇక ఫొటోగ్రాఫర్ సంగతి. తన పని నలుగురికీ చూపిస్తేనే తర్వాతి పని దొరుకుతుందన్న అతని బాధ న్యాయమైనదే. అడిగి ఉంటే, మొల్ల విగ్రహం ఫొటో ఒక ఏడాది పెట్టుకోమని ఏడుగురం సంతకం చేసి ఇచ్చేవాళ్లం. మళ్లీ ఎవరినైనా కుదుర్చుకుంటే ఈసారి రేటుతో పాటు ఇవి కూడా రాయించుకుంటాం: ఏ ఫొటో ఎవరికి చూపించవచ్చు, ఎన్నాళ్లు, అసలు ఫైళ్లు ఎప్పుడు చెరిపేస్తారు, ఫొటోలు పంపే లింకు ఎవరు తెరవగలరు. సగం పేజీ పడుతుంది. వాట్సాప్ మెసేజి అయినా సరే, ఇద్దరూ సరే అనుకున్నది రాతలో ఉంటే చాలు.

అతను అక్కకి ఫోను చేశాడు. తప్పయిందన్నాడు. పటం కట్టించి కొరియర్లో పంపాడు, డబ్బు తీసుకోలేదు. ఆమె దాన్ని ముందు గదిలో పెట్టింది. కొడుకు ఒకసారి తీసి అటక మీద పెట్టాడట, మళ్లీ దింపి పెట్టిందట. ఫ్లెక్సీ దించాడు. అసలు ఫైళ్లు చెరిపేసినట్టు రాసివ్వమంటే మాత్రం జవాబు లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మేం ఉండే జిల్లాలోనే కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చు, హైదరాబాదు తిరగనక్కర్లేదు. నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు వెల్లడించడం ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. ఫొటో దాని కిందికి వస్తుందని వాదించవచ్చని మా లాయరు అంటున్నారు. రెండేళ్ల గడువుంది. వేద్దామా అని ఈసారి ముందుగా అక్కని అడిగాం. మనవరాలి పరీక్షలయ్యాక చెబుతానంది.